గిటార్‌కు వేరే వైబ్రాటో పెట్టాలా వద్దా: కొనేముందు చేయాల్సిన పరీక్షలు, తీయాల్సిన కొలతలు

“వామీ బార్ రెండుసార్లు నొక్కితే శ్రుతి పోతోంది, మంచి ట్రెమోలో ఏది కొనాలి?” “లెస్ పాల్‌కు బిగ్స్‌బీ పడుతుందా?” “నా స్ట్రాట్‌కు ఫ్లాయిడ్ రోజ్ పెట్టించొచ్చా?” ఈ మూడు ప్రశ్నలూ ఆగకుండా వస్తూనే ఉంటాయి. (వామీ బార్ అంటే బ్రిడ్జ్‌కు తగిలించిన కడ్డీ, దాన్ని కదిపితే తీగల శ్రుతి మారుతుంది. లెస్ పాల్, స్ట్రాట్ అనే స్ట్రాటోకాస్టర్ రెండు రకాల ఎలక్ట్రిక్ గిటార్లు. బిగ్స్‌బీ, ఫ్లాయిడ్ రోజ్ రెండు రకాల ట్రెమోలోలు.) మూడింటికీ మొదటి జవాబు ఒకటే: ఇంకా ఏమీ కొనకండి. బార్ వాడితే శ్రుతి తప్పే గిటార్లలో చాలావాటికి జబ్బు ట్రెమోలోలో ఉండదు, అటు చివర నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గర ఉంటుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకుండా, ఒక సాయంత్రం ట్యూనర్ ముందేసుకుని కూర్చుంటే విషయం తేలిపోతుంది.

పేరు గురించి ఒక్క మాట. శ్రుతిని ఊపేది వైబ్రాటో, శబ్దాన్ని పెంచి తగ్గించేది ట్రెమోలో. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లోని పరికరానికి లియో ఫెండర్ ట్రెమోలో అని పేరు పెట్టడంతో ఆ తప్పే వాడుకలో నిలిచిపోయింది. షాపులో ట్రెమోలో అనే అడగండి, లేకపోతే ఎఫెక్ట్ పెడల్ తెచ్చి చేతిలో పెడతారు.

కావలసినవి

- సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతులు) చూపించే ట్యూనర్ (ఫోన్ యాప్ అయినా చాలు, కాకపోతే ఫ్యాన్ ఆపి వాడండి)
- డిజిటల్ కాలిపర్, లేదా 150 మి.మీ. స్టీల్ స్కేలు
- ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, ఆలెన్ కీల సెట్టు (ఆసియాలో తయారైన గిటార్లకు ఎక్కువగా 1.5 మి.మీ., అమెరికన్ ఫెండర్లకు 0.05 అంగుళం)
- ఇప్పుడు వాడుతున్న గేజ్‌లోనే (తీగ మందంలోనే) కొత్త తీగల సెట్టు
- 2బి పెన్సిల్, మాస్కింగ్ టేప్, నోటుపుస్తకం
- మల్టీమీటర్ (బిగ్స్‌బీ ఆలోచన ఉన్నవాళ్లకు తప్పనిసరి)

1. ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

“మంచి ట్రెమోలో కావాలి” అని రాస్తే కుదరదు. చెవికి ఏం వినపడాలో రాయండి.

కార్డు మోగుతుండగా సన్నటి అల కావాలనుకుంటే బిగ్స్‌బీ తరహా సరిపోతుంది. తీగలు వదులైపోయేదాకా కిందికి దింపి మళ్లీ అదే శ్రుతికి రావాలంటే ఫ్లాయిడ్ రోజ్ తరహా, లేదా బాగా సెట్ చేసిన స్ట్రాట్ ట్రెమోలో. బిగ్స్‌బీ కొని దానితో డైవ్ బాంబులు (శ్రుతిని అలా అడుగంటా దింపడం) వేయాలని చూస్తే నిరాశే. దాని పరిధి సుమారు ఒక స్వరం, కొన్ని తీగల మీద అంతకూడా రాదు.

“శ్రుతి నిలవాలి, అంతే” అని రాశారా? అయితే మీకు కావలసింది కొత్త భాగం కాదు. నేరుగా రెండో అంచెకు వెళ్లండి.

“గమకాలు వాయించాలి” అని రాసేవాళ్లూ ఉంటారు. దానికి వామీ బార్ సరైన దారి కాదు. బార్ ఆరు తీగలనూ ఒకేసారి కదుపుతుంది, ఒక్కో తీగను ఒక్కోలా కదుపుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలను వేళ్లతోనే పలికించారు. ఆ పని ఎడమచేతిది.

2. జబ్బు ఎక్కడుందో పట్టుకోండి

ముందు కొత్త తీగలు వేయండి. తుప్పు పట్టిన తీగల మీద చేసిన పరీక్షకు విలువ లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలికి తీగల అడుగుభాగం నెలలోపే గరుకెక్కొచ్చు. పైనుంచి చూస్తే కనిపించదు, వేలితో అడుగున తడిమి చూడండి. ట్యూనర్ (తీగను బిగించే చెవినీ ఇదే పేరుతో పిలుస్తారు) కడ్డీకి రెండు, మూడు చుట్లు చాలు. ప్రతి తీగనూ 12వ ఫ్రెట్ దగ్గర పట్టుకుని పైకి లాగి, శ్రుతి చేసి, మళ్లీ లాగండి. లాగినా శ్రుతి దిగకుండా నిలిచేదాకా ఇలాగే చేయండి. దీనికే పది నిమిషాలు పడుతుంది. చాలామంది రెండుసార్లు లాగి వదిలేస్తారు, తర్వాత తప్పంతా ట్రెమోలో మీదికి తోస్తారు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆరు తీగలూ సరిగ్గా శ్రుతి చేయండి. బార్ కిందికి బాగా నొక్కి, దానంతట అదే వెనక్కి వచ్చేలా వదలండి. ఒక్కో తీగ మీటి, ట్యూనర్‌లో ఎన్ని సెంట్లు పైన ఉందో, కింద ఉందో రాసుకోండి. మూడుసార్లు చేసి మూడు వరుసలు రాయండి. ఆ అంకెలే రోగం పేరు చెబుతాయి.

*ఒకటి రెండు తీగలు మాత్రమే పైకి పోయాయి.* నట్ గాడిలో తీగ పట్టేస్తోంది. బార్ నొక్కినప్పుడు తీగ కొంచెం ట్యూనర్ వైపు జారుతుంది, వదిలినప్పుడు వెనక్కి రావాలి. రాకపోతే శ్రుతి పెరిగిపోయి కనిపిస్తుంది. రుజువు కావాలంటే ఆ తీగను 12వ ఫ్రెట్ దగ్గర ఒకసారి గట్టిగా బెండ్ చేసి (వేలితో పక్కకు లాగి) వదలండి. సరైన శ్రుతికి దిగివస్తే దొంగ నట్టే. లెస్ పాల్ లాంటి మూడు-మూడు హెడ్‌స్టాక్‌లలో (ఒక్కోవైపు మూడు ట్యూనర్లుండే గిటార్ తలల్లో) తీగలు నట్ దాటాక పక్కకు వంగుతాయి కాబట్టి డి, జి తీగలే ఎక్కువగా పట్టుబడతాయి.

*ఒకటి రెండు తీగలు మాత్రమే దిగిపోయాయి.* తీగ ఇంకా సాగుతోంది, లేదా ట్యూనర్ కడ్డీ మీద జారుతోంది. బిగ్స్‌బీ ఉన్న గిటార్ అయితే బ్రిడ్జ్ శాడిల్ (బ్రిడ్జ్‌లో తీగ ఆనే చిన్న దిమ్మ) మీద ఇరుక్కుంటోందని అనుమానించండి. వెనకవైపు నుంచి ముందుకు జారిన తీగ తిరిగి వెనక్కి పోలేకపోతే శ్రుతి దిగిపోతుంది.

*ఆరు తీగలూ కలిసి దిగిపోయాయి.* బ్రిడ్జ్ పలక (శాడిళ్లను మోస్తూ బార్‌తో పాటు ఊగే లోహపు పలక) తన చోటికి తిరిగి రావడం లేదు. బార్‌ను మెల్లగా పైకి లాగి వదిలితే ఆరూ సరైపోతే ఇక అనుమానం లేదు. ఇరుసు దగ్గర రాపిడి ఉంది.

ఈ మూడింటిలో కొత్త ట్రెమోలో తీర్చగలిగేది మూడోదాన్నే. దాన్ని కూడా ముందు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించాలి.

3. ఖర్చులేని మరమ్మతులు

*నట్.* తీగ వదులు చేసి, గాడిలోంచి పక్కకు తీసి, 2బి పెన్సిల్ మొనతో గాడి అంతా రుద్దండి. శ్రుతి చేస్తుంటే “టిక్” మని చప్పుడు వచ్చి శ్రుతి ఒక్కసారిగా ఎగిరితే గాడి ఇరుకుగా ఉందని అర్థం. 9 గేజ్‌కు కోసిన నట్ మీద 10 గేజ్ తీగలు వేసినవాళ్లకు తరచూ ఇదే ఇబ్బంది. అప్పుడు నట్ ఫైల్‌తో గాడిని వెంట్రుకవాసి వెడల్పు చేయాలి. అడుగు మాత్రం తాకకూడదు. అడుగు దిగితే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి గరగరలాడుతుంది, ఆపైన కొత్త నట్ తప్ప మార్గం లేదు. చేతికి నమ్మకం లేకపోతే ఈ ఒక్క పని రిపేరు చేసేవారికి ఇవ్వండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి రెండు వారాల్లో ముద్ద కడుతుంది.

*స్ట్రింగ్ ట్రీలు.* హెడ్‌స్టాక్ మీద తీగలను కిందికి నొక్కి ఉంచే చిన్న కొక్కేలు. వాటి అడుగున కూడా పెన్సిల్ పట్టించండి.

*ఆరు స్క్రూల బ్రిడ్జ్.* ఆరింటినీ బిగించేసి ఉండటం అతి సామాన్యమైన తప్పు. అలా ఉంటే పలక ఇరుసులా తిరగలేదు, స్క్రూ తలలతో కుస్తీ పడుతుంది. ముందు పలకను బాడీకి ఆనేలా వెనక్కి లాగి పట్టుకోండి. అటు చివరా ఇటు చివరా ఉన్న రెండు స్క్రూల తలలు పలక పైభాగానికి సమంగా వచ్చేదాకా తిప్పండి. మధ్యలోని నాలుగింటినీ పలకకు సుమారు 1.6 మి.మీ. ఎత్తులో ఉండేలా వదులు చేయండి. బరువు మోసేవి ఆ చివరి రెండే.

*రెండు స్తంభాల బ్రిడ్జ్.* పలక ముందంచు కత్తిలా పదునుగా ఉండి స్తంభం గాడిలో కూర్చుంటుంది. భూతద్దంతో చూడండి. అంచు మీద గుంట పడి ఉంటే పలక మార్చాల్సిందే. ఆ గుంట ఎలా పడుతుందంటే, తీగలు బిగువుగా ఉండగా స్తంభాలు తిప్పి ఎత్తు మార్చడంవల్ల. ఎప్పుడైనా సరే, తీగలు వదులు చేశాకే స్తంభం తిప్పండి. స్తంభాన్ని వేలితో ఊపి చూడండి. చెక్కలో కదులుతుంటే ఏ ట్రెమోలో పెట్టినా శ్రుతి నిలవదు, ముందు చెక్కను బాగుచేయించాలి.

*స్ప్రింగులు, క్లా.* తేలేలా (పలక బాడీకి ఆనకుండా) సెట్ చేసిన స్ట్రాట్ బ్రిడ్జ్‌కు వెనకంచు కింద సుమారు 3 మి.మీ. సందు ఉండాలి. ఎక్కువుంటే వెనక కుహరంలోని క్లా (స్ప్రింగుల కొసలను పట్టి ఉంచే లోహపు ముక్క) స్క్రూలు రెండింటినీ చెరో అర చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవండి. శ్రుతి చేయకుండా సందు కొలిస్తే ఆ కొలత అబద్ధం.

*లొడలొడలాడే బార్.* మర మీద ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేప్ రెండు చుట్లు చుట్టి బిగించండి. పది రూపాయల పని. దీనికోసమే ట్రెమోలో మొత్తం మార్చినవాళ్లున్నారు.

రెండో అంచెలోని పరీక్ష మళ్లీ చేయండి. అన్ని తీగలూ 3 నుంచి 5 సెంట్లలోపే తిరిగొస్తుంటే, మీ కోరిక శ్రుతి నిలవడమే అయితే, ఇక్కడితో ఆగిపోండి.

బార్ అసలు వాడనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఐదు స్ప్రింగులు వేసి పలకను బాడీకి ఆనించేయండి, లేదా బ్లాక్‌కూ (పలక కింద స్ప్రింగులు తగిలించే లోహపు దిమ్మకూ) కుహరం గోడకూ మధ్య కొలిచి కోసిన చెక్కముక్క బిగించండి. మనసు మారితే చెక్క తీసేయడమే.

4. ఏం వస్తుందో కాదు, ఏం పోతుందో చూసుకోండి

ప్రకటనల్లో ఈ భాగం ఉండదు.

తేలే ట్రెమోలో ఏదైనా సరే, ఒక తీగ బెండ్ చేస్తే మిగతావి కొంచెం దిగుతాయి. రెండు తీగలు కలిపి ఒకదాన్నే బెండ్ చేసే అలవాటున్నవారికి ఇది చెవిలో జోరీగ. అరచేయి బ్రిడ్జ్ మీద మోపితే శ్రుతి లేస్తుంది. తీగ తెగితే మిగిలిన ఐదూ పైకి పోతాయి, పాట మధ్యలో చేయగలిగేదేమీ ఉండదు. ఒకే గిటార్‌తో చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో ఒక పాట స్టాండర్డ్‌లో, తర్వాతిది డ్రాప్ డిలో (లావు ఇ తీగను డికి దించి) వాయించేవారికి తేలే ట్రెమోలో పెద్ద శిక్ష. ఫ్లాయిడ్ రోజ్ అయితే నట్ తాళాలు కూడా ఆలెన్ కీతో విప్పాలి.

బిగ్స్‌బీతో ఈ బాధలు తక్కువ. కానీ బరువు పెరుగుతుంది, తీగ మార్చడం చిరాకు పని, ట్యూన్-ఓ-మ్యాటిక్ (లెస్ పాల్ తరహా గిటార్లలో రెండు స్తంభాల మీద కూర్చునే బ్రిడ్జ్) శాడిల్ గాడులు నునుపుగా లేకపోతే శ్రుతి నిలవదు. రోలర్ బ్రిడ్జ్ (తీగల కింద చిన్న చక్రాలుండేది) వేయడం ఒక మార్గమేగానీ, నాసిరకం రోలర్లు గలగలలాడతాయి. ఉన్న శాడిల్ గాడులను నునుపు చేయించి చూసి, అదీ చాలకపోతేనే రోలర్ కొనండి.

5. కొలవండి

కొనేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. “స్ట్రాట్‌కు సరిపోతుంది” అన్న మాటకు అర్థం లేదు, స్ట్రాట్‌లలోనే మూడు నాలుగు కొలతలున్నాయి.

స్ట్రాట్ తరహాకు ఐదు కొలతలు తీయండి.

అ) *చివరి స్క్రూల మధ్య దూరం*, నడుమ నుంచి నడుమకు. పాత తరహా ఫెండర్‌లో సుమారు 56 మి.మీ. ఆసియాలో తయారైన చాలావాటిలో 52.5 మి.మీ. లేదా 54 మి.మీ. ఫెండర్ రెండు స్తంభాల బ్రిడ్జ్‌లో స్తంభాల మధ్య 56 మి.మీ., ఫ్లాయిడ్ రోజ్‌లో 74 మి.మీ. ఒకటిన్నర మి.మీ. తేడాను “సర్దుకుంటుంది” అనుకోకండి, సర్దుకోదు.

ఆ) *శాడిళ్ల మీద రెండు ఇ తీగల మధ్య దూరం.* ఇది వేరే కొలత, పై కొలతతో కలపకండి. ఇరుకు మెడ మీద వెడల్పు బ్రిడ్జ్ పెడితే సన్న ఇ తీగ ఫ్రెట్ల అంచునుంచి జారిపోతుంది. అనుమానముంటే రెండు దారాలు తీసుకుని, నట్ చివరి గాడుల నుంచి కొత్త బ్రిడ్జ్ వెడల్పుకు సాగదీసి టేప్‌తో అంటించండి. చివరి ఫ్రెట్ దగ్గర దారం అంచుకు ఇటూ అటూ కనీసం 3 మి.మీ. లోపల ఉండాలి.

ఇ) *బాడీ మందం.* మామూలు స్ట్రాట్ బాడీ 44-45 మి.మీ. ఉంటుంది, 42 మి.మీ. లోతు బ్లాక్ ఇముడుతుంది. చవక గిటార్లలో 40 మి.మీ. దగ్గర పలుచని బాడీలున్నాయి. వాటిలో ఉండేది సుమారు 36 మి.మీ. బ్లాక్. పెద్ద స్టీల్ బ్లాక్ కొని తెస్తే వెనకనుంచి బయటికి పొడుచుకొస్తుంది, మూత పడదు.

ఈ) *కుహరం ఖాళీ.* బార్ నొక్కినప్పుడు బ్లాక్ అడుగుభాగం గిటార్ తోకవైపుకు ఊగుతుంది. లావైన బ్లాక్ ఆ గోడకు గుద్దుకుంటే బార్ సగంలోనే ఆగిపోతుంది. ఇప్పుడున్న బ్లాక్ మందం, దాని వెనక ఉన్న ఖాళీ రెండూ రాసుకోండి.

ఉ) *బార్ మర.* అమెరికన్ ఫెండర్ బార్లు అంగుళాల మర, దిగుమతి బ్లాక్‌లు ఎక్కువగా మిల్లీమీటర్ మర. చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండు చుట్లు పోయి బిగుసుకుంటే బలవంతం చేయకండి, మర తెగుతుంది. కొత్త బ్లాక్‌తోపాటు దాని బార్ కూడా తీసుకోవడం మంచిది.

చాలాసార్లు ఈ కొలతలు తీశాక తేలేదేమిటంటే, మొత్తం ట్రెమోలో అక్కర్లేదు, బ్లాక్ ఒక్కటి మారిస్తే చాలు. పలక బాగుంటే స్టీల్ బ్లాక్ మూడు స్క్రూల పని. అప్పుడు పలకలోని తీగ రంధ్రాల వరసా, మూడు స్క్రూల దూరమూ కొలిచి కొనండి.

లెస్ పాల్, ఎస్‌జి తరహాకు: స్టాప్ టెయిల్‌పీస్ (బ్రిడ్జ్ వెనక తీగల చివరలు పట్టుకునే కడ్డీ) స్టడ్‌ల మధ్య (మామూలుగా 82 మి.మీ.), బ్రిడ్జ్ స్తంభాల మధ్య (మామూలుగా 74 మి.మీ.), బ్రిడ్జ్ నుంచి బాడీ తోక చివరకు. ముందుభాగం ఉబ్బుగా ఉందా, చదునుగా ఉందా చూడండి. ఉబ్బు ముఖమున్న లెస్ పాల్‌కు బిగ్స్‌బీ బి7, చదును ముఖమున్న ఎస్‌జి, టెలికాస్టర్‌లకు బి5. లోపల డొల్లగా ఉండే పెద్ద ఆర్చ్‌టాప్‌లకు వేరే మోడళ్లున్నాయి, పలుచటి పైచెక్కలో స్క్రూ దింపాల్సినవి ఎంచుకోకండి.

6. చెక్క మీద చేసే గాయాన్ని బట్టి తేల్చండి

మా లెక్క సూటిగా ఉంటుంది.

ఉన్న రంధ్రాల్లోనే కూర్చునేవి: నచ్చితే పెట్టండి, నచ్చకపోతే పాతది తిరిగి పెట్టుకోండి. అదే కొలతల స్ట్రాట్ బ్రిడ్జ్, వైబ్రమేట్ లాంటి అడాప్టర్ పలక మీద కూర్చునే బిగ్స్‌బీ, స్టాప్ టెయిల్‌పీస్ స్టడ్‌ల మీదే బిగిసే డ్యూసెన్‌బర్గ్ లెస్ ట్రెమ్, ట్యూన్-ఓ-మ్యాటిక్ గిటార్ల కోసం చేసిన ఫ్లాయిడ్ రోజ్ ఎఫ్‌ఆర్‌ఎక్స్, అన్నీ ఈ గుంపే.

కొత్త స్క్రూ రంధ్రాలు అడిగేవి: గిటార్ మీ దగ్గరే ఉంటుందని, ఆ శబ్దమే కావాలని తేలాకే. పాత గిటార్, పెద్దవాళ్లు వాడి ఇచ్చిన గిటార్ అయితే వద్దు.

రూటర్‌తో (చెక్క తొలిచే యంత్రంతో) చెక్క తవ్వాల్సినవి: మామూలు గిటార్‌కు అసలు ఫ్లాయిడ్ రోజ్ ఈ గుంపులోదే. బాడీ తవ్వాలి, నట్ కూర్చునే చోటు చదును చేసి తాళాల నట్ బిగించాలి. వెనక్కి తిరిగే దారి లేదు. ఫ్లాయిడ్ రోజ్ కావాలంటే ఫ్యాక్టరీలోనే అది పెట్టిన గిటార్ సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోండి. రెండు గిటార్లు మిగులుతాయి, ఒకటి పాడవదు.

7. మొత్తం ఖర్చు కూడండి

ట్రెమోలో ధర ఒక్కటే చూడకండి. అడాప్టర్, రోలర్ బ్రిడ్జ్, నట్ పని, రెండు సెట్ల తీగలు (మొదటిది సెట్టింగ్‌కే అయిపోతుంది), బిగించేవారి కూలి, విదేశాల నుంచి తెప్పిస్తే కొరియర్, దిగుమతి సుంకం. అన్నీ ఒక కాగితం మీద కూడి గిటార్ ధరలో సగం దాటితే, ఆ డబ్బుతో కావలసిన ట్రెమోలో ఉన్న గిటార్‌నే చూడటం తెలివైన పని. సముద్రతీరంలో ఉండేవారు చవక క్రోమ్ పూతలకు దూరంగా ఉండండి. ముందు తుప్పు పట్టేది శాడిల్ ఎత్తు స్క్రూలే, ఒకసారి పట్టాక ఆలెన్ కీ తలలు అరిగిపోతాయి.

8అ. అదే కొలత స్ట్రాట్ బ్రిడ్జ్ మార్చడం

1. 12వ ఫ్రెట్ దగ్గర రెండు ఇ తీగల ఎత్తు, ప్రతి శాడిల్ ఎంత వెనక్కి ఉందో కొలిచి రాయండి. ఫోటో తీయండి.
2. తీగలన్నీ సమంగా వదులు చేసి తీయండి. స్ప్రింగులను ప్లయర్స్‌తో విప్పేటప్పుడు పైన గుడ్డ కప్పండి, చేయి జారితే స్ప్రింగు కంటికి తగలొచ్చు. క్లాకు టంకం పెట్టి ఉన్నది ఎర్త్ వైరు, దాన్ని లాగకండి.
3. ఆరు స్క్రూలు తీసి పాత బ్రిడ్జ్ ఎత్తండి. కొత్త స్క్రూలు పాతవాటికంటే లావుగా ఉంటే పాతవే వాడండి. రంధ్రం వదులైతే పంటిపుల్లలకు ఫెవికాల్ రాసి నింపి, ఒక రోజు ఆరనిచ్చి బిగించండి.
4. స్ప్రింగులు, తీగలు లేకుండానే కొత్త బ్రిడ్జ్ కూర్చోబెట్టి, చేత్తో పూర్తిగా వంచి చూడండి. బ్లాక్ ఎక్కడా గోడకు రాసుకోకూడదు. రాసుకుంటే కొన్నచోట వాపసు ఇవ్వడానికి ఇదే సమయం, గీత పడకముందే.
5. స్క్రూలకు కొవ్వొత్తి రుద్ది బిగించండి. చివరి రెండు, తర్వాత మధ్య నాలుగు, మూడో అంచెలో చెప్పిన పద్ధతిలో.
6. మూడు స్ప్రింగులు వేసి అదే గేజ్ తీగలు ఎక్కించండి. ఒక తీగ బిగిస్తే మిగతావి దిగుతాయి కాబట్టి ఆరింటినీ నాలుగైదు విడతలుగా పైకి తెండి. ఒక్కోదాన్ని ఒకేసారి పూర్తి శ్రుతికి తేవాలని చూస్తే సాయంత్రం అక్కడే గడిచిపోతుంది.
7. సందు 3 మి.మీ. వచ్చేదాకా క్లా సర్దండి. ఆ తర్వాతే తీగల ఎత్తు, ఆ తర్వాతే ఇంటొనేషన్ (ఫ్రెట్లన్నిటి మీదా శ్రుతి సరిగ్గా పలికేలా శాడిళ్లను ముందుకూ వెనక్కూ జరపడం). వరస తప్పితే మూడూ మళ్లీ చేయాలి.

8ఆ. అడాప్టర్ మీద బిగ్స్‌బీ

1. తీగలు తీసేముందు బ్రిడ్జ్ స్తంభాల చుట్టూ టేప్‌తో గుర్తు పెట్టండి. తీగలు లేకపోతే ట్యూన్-ఓ-మ్యాటిక్ ఊడి కింద పడుతుంది.
2. స్టాప్ టెయిల్‌పీస్ తీసి, అడాప్టర్‌ను దాని స్టడ్ రంధ్రాల్లో వదులుగా బిగించండి. బిగ్స్‌బీ దాని మీద.
3. పూర్తిగా బిగించేముందు రెండు ఇ తీగలు మాత్రమే ఎక్కించి చూడండి. మెడకు రెండువైపులా సమాన దూరంలో రావాలి. పక్కకు పోతే పరికరాన్ని జరిపి, అప్పుడు బిగించండి.
4. తీగ చివరను పెన్సిల్ మీద వంచి కొక్కెంలా చేసి, బాల్ రంధ్రాన్ని కడ్డీ మీది పిన్నుకు తగిలించండి. వంచకుండా పెడితే ట్యూనర్ దగ్గరికి వెళ్లేలోపు పిన్ను నుంచి ఊడుతుంది. కడ్డీ కింద స్పాంజి ముక్క దోపితే పట్టు ఉంటుంది, శ్రుతి చేశాక తీసేయండి.
5. బి5, బి7లలో తీగ ముందున్న టెన్షన్ బార్ కిందుగా పోవాలి. పైనుంచి పోనిస్తే బ్రిడ్జ్ మీద ఒత్తిడి చాలక తీగ శాడిల్ నుంచి జారుతుంది.
6. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి, ఒక కొన తీగకు, రెండో కొన జాక్‌లో పెట్టిన కేబుల్ అటు చివర ప్లగ్ బయటి లోహానికి తాకించండి. బీప్ రావాలి. లెస్ పాల్‌లో ఎర్త్ వైరు ఎక్కువగా స్టడ్ లోపలే ఉంటుంది. బిగ్స్‌బీని నేరుగా చెక్కకు బిగిస్తే ఆ సంబంధం తెగి ఆంప్ గుయ్‌మంటుంది. ఎర్త్ అంటే గుర్తొచ్చింది: తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి కాబట్టి మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్‌తో ఆంప్ వాడకండి. షాక్ కొట్టేది వాయించేవారి చేతికే.

9. ఫలితం సరిచూడటం

శ్రుతి చేసి, బార్ పదిసార్లు మామూలుగా, ఒకసారి పూర్తిగా నొక్కండి. ప్రతి తీగ అంకె రాయండి. 5 సెంట్లలోపు బాగుంది. 5 నుంచి 10 మధ్య ఉంటే రెండో అంచెలోని మూడు లక్షణాల్లో ఏదో చూసి ఆ చోటే సరిచేయండి. 10 దాటితే పాత అంకెల పక్కన పెట్టి చూడండి. పాత, కొత్త వరుసల్లో అవే తీగలు తప్పుతుంటే మీరు మార్చిన భాగానికి ఆ తప్పుతో సంబంధం లేదు, నట్ పని ఇంకా మిగిలే ఉంది.

చెవి పెట్టి వినాల్సినవి రెండు. ఆంప్ లేకుండా వాయిస్తే ఎక్కడైనా గలగల ఉందా? ఉంటే ఒక్కో శాడిల్ స్క్రూను వేలితో అదిమి చూస్తూ పోండి. వెనక కుహరంలో స్ప్రింగులు మోగుతున్నాయా? ఒక స్పాంజి ముక్క చాలు, కానీ బ్లాక్ దారికి అడ్డం రాకుండా పెట్టండి.

మర్నాడు పొద్దున శ్రుతి చూస్తే ఆరు తీగలూ కొంచెం కదిలి ఉంటాయి. కొత్త స్ప్రింగులు, కొత్త తీగలు సర్దుకోవడం అది. క్లా ముట్టుకోకుండా ట్యూనర్లతోనే సరిచేయండి. మూడు రోజుల తర్వాత 3 మి.మీ. సందు మళ్లీ కొలిచి, అప్పటికీ తేడా ఉంటేనే స్క్రూడ్రైవర్ తీయండి.